చూపులకు ముందు ఒక మాట

పోయిన సంవత్సరము శనగ కోతలు ముగిసిన దినములలో, ఒక సాయంకాలము మా సంఘస్థుడొకాయన గుడి ప్రక్కనున్న మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. మాది కోవెలకుంట్ల ప్రాంతములోని ఒక పల్లె సంఘము. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉన్నది గాని, 2022 వరకు కర్నూలు జిల్లాయే. మా వాళ్ళ నోట ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఆయన నాలుగెకరాలు కౌలుకు చేసుకొనే రైతు. జేబులోనుండి చిన్న నోటుపుస్తకము తీసి మా ముందు పెట్టినాడు. పాలు, మైసూరుపాకు, కారా, కూల్‌డ్రింకులు, షామియానా కుర్చీలు, జీపు బాడుగ, పేరయ్యకు దారి ఖర్చులు. మూడేండ్లలో కుమార్తెకు పదకొండు పెండ్లి చూపులు జరిగినవి. మొత్తము కూడితే నలభై వేలకు కొంచెము తక్కువ. అందులో సగము రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది.

"అయ్యగారూ, పిల్లను చూడనీకి వచ్చినోళ్ళకు పెట్టిన దాంట్లో నాలుగెకరాలకు ఇత్తనమూ ఎరువూ వచ్చేది గదా" అన్నాడు. కోపముగా కాదు, లెక్క చెప్పినట్లు చెప్పినాడు.

ఆ అమ్మాయి నర్సింగు చదివి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పని చేయుచున్నది. ఇరువది ఆరేండ్లు. ఆ వారములోనే ఆమె మా యింటివారి దగ్గరకు వచ్చి వంటగదిలో కూర్చొని ఇంకొక లెక్క చెప్పింది. "అమ్మగారూ, పదకొండు సార్లు చీర కట్టుకొని కూర్చున్న్యాను. ఒక్కరితోనన్నా పది మాటలు మాట్లాడింది లేదు. ఇంక నన్ను కూర్చోబెట్టొద్దని మా నాయనకు చెప్పండి." వచ్చిన వాళ్ళు పదిహేను మంది చొప్పున వచ్చి, తిని, "ఇంటికి పోయి చెప్తాము" అని వెళ్ళినారట. చెప్పిన వారు ముగ్గురే. ఒకరు రంగు తక్కువన్నారు, ఒకరు పొలము లేదన్నారు, ఒకరు కట్నము సంగతి పేరయ్య చేత చెప్పించినారు. 1961 నుండి వరకట్న నిషేధ చట్టము ఉన్నదని మేము ప్రసంగములో చెప్పుచునే ఉన్నాము. ప్రసంగము అరుగు దాటి పోవడము లేదు. కులము సంగతియు అంతే. బల్ల దగ్గర అందరము ఒక్కటే అంటాము, సంబంధము దగ్గరికి వచ్చేసరికి "వాళ్ళు ఏమిటోళ్ళు?" అనే అడుగుతాము.

ప్రియ పాఠకులారా, మా పెండ్లి చూపుల సంగతి కూడా చెప్పవలెను. వేదాంత డిప్లొమా ముగించి పరిచర్యలో చేరిన రెండేండ్లకు, 2007లో మాకు సంబంధము కుదిరింది. చూపులు పది నిమిషములు. "అబ్బాయి ఏదైనా అడగాలంటే అడగవచ్చు" అని పెద్దలు సెలవిచ్చినారు. పేరు ముందే తెలిసియున్నను "నీ పేరేమి?" అని అడిగినాము. ఆమె తల ఎత్తకుండా చెప్పింది. అంతే. నిశ్చితార్థము అయిన తరువాత ఎస్.టి.డి. బూతు నుండి వాళ్ళ ప్రక్క ఇంటికి ఫోను చేస్తే, ఆమెను పిలుచుకొని రావడానికి నాలుగు నిమిషములు, "బాగున్నావా" అనడానికి అర నిమిషము. మీటరు తిరుగుచునే ఉండెను. దేవుని కృపను బట్టి మా కాపురము చక్కగా సాగుచున్నది. అయితే అది ఆ పది నిమిషముల గొప్పతనము కాదని మా యింటివారు తరచుగా అంటారు.

మరియొక సంగతి ఒప్పుకొనవలెను. పరిచర్య మొదటి యేండ్లలో ఒక జంటను మేమే దగ్గరుండి కుదిర్చినాము. పిల్లవాడు భక్తిపరుడు, పిల్ల భక్తిపరురాలు, రెండు కుటుంబములు సంఘములో పేరున్నవి. ఇంకేమి కావలెననుకొన్నాము. ఒకసారి ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడనిస్తారా అని పిల్ల మేనమామ అడిగితే, "ప్రార్థన చేసినాము గదా" అని మేమే త్రోసివేసినాము. మూడు ఆదివారములు గుడిలో పెండ్లి ప్రకటనలు చదివినాము. అభ్యంతరము గలవారు చెప్పవలెనని అందరినీ అడిగినాము గాని పెండ్లికూతురిని మాత్రము విడిగా అడుగలేదు. నాలుగు నెలలకు ఆమె పుట్టింటికి వచ్చి, మరి వెళ్ళలేదు. ఆమెకు చదువుకొనవలెనని ఉండెను, ఆ సంగతి మాతో చెప్పుటకు ఎవరూ ఆమెకు అవకాశము ఇవ్వలేదు. ఆ ప్రకటనలు చదివిన స్వరము మాదే. ఆ యింటి ముందు నుండి పోవునప్పుడు ఇప్పటికిని మా అడుగు కొంచెము వేగమవుతుంది.

అందుకే ఆ రైతు నోటుపుస్తకము మూసినప్పుడు, ఈసారి వేరుగా చేద్దామని మేమిద్దరము అనుకొన్నాము.

ఇప్పుడు సంబంధములు ఫోనులో వచ్చుచున్నవి. ఒకప్పుడు క్రైస్తవ మాసపత్రికల వెనుక పుటలలో "వరుడు కావలెను" అని నాలుగు పంక్తులు వేయించి, ఉత్తరము కొరకు నెల చూసేవారము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత పల్లెలో ప్రతి యింటికి నెట్టు చేరింది. మ్యాట్రిమోని యాప్‌లు, క్రైస్తవ సంబంధముల వాట్సాప్ గ్రూపులు మా వాళ్ళ చేతికి వచ్చినవి. అయితే ఫోనులోనికి వచ్చినది పాత చూపులే. అదే జీతము, అదే రంగు, అదే పొలము. ఆ అమ్మాయి వివరములను ఆమె అన్న యాప్‌లో పెట్టియున్నాడు. అందులో "ఇంటిపట్టున ఉండే పిల్ల, చామనచాయ, పెద్దల మాట జవదాటదు" అని ఉన్నది. పిల్ల నెలలో పది రాత్రులు డ్యూటీలో ఉంటుంది, ఇంటిపట్టున ఎక్కడున్నది?

మా యింటివారు ఆమెను ప్రక్కన కూర్చోబెట్టుకొని దానిని తిరిగి వ్రాయించినారు. "నర్సుగా పని చేస్తాను, నైట్ డ్యూటీలు ఉంటాయి. పెండ్లయిన తరువాత కూడా పని చేయాలని ఉంది. ఆదివారము సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పిస్తాను. సంగటి బాగా చేస్తాను, జొన్న రొట్టె ఇంకా గుండ్రంగా రాదు." తండ్రి అది విని, "రొట్టె రాదని ఎవరన్నా రాసుకుంటారామ్మా!" అని తల పట్టుకొన్నాడు. వచ్చే సంబంధములు నిజముగానే తగ్గినవి. కాని వచ్చిన వారిలో ఇద్దరు ముగ్గురు ఆ రొట్టెను గూర్చియే మాట మొదలుపెట్టినారు.

మొదటి మాట ఎట్లా మొదలుపెట్టవలెనో మన పిల్లలకు ఎవరూ నేర్పలేదు. మా సంఘములో మెకానిక్ పని చేయు ఒక తమ్ముడు తన ఫోను మాకు చూపినాడు. ఇరువది మూడు మంది అమ్మాయిలకు "హాయ్" అని పంపియున్నాడు. కొందరికి గులాబీ పువ్వుతో శుభోదయము, కొందరికి "తిన్నారా?" ఒక్కరును పలుకలేదు. "దేవుని చిత్తము లేదేమో అయ్యగారూ" అన్నాడు. దేవుని మీద వేయవద్దు నాయనా, "హాయ్" అంటే ఎవరైనా ఏమని చెప్తారు అన్నాము.

అబ్రాహాము దాసుడు రిబ్కాను మొదట ఏమి అడిగినాడో ఆలోచించండి. ఆస్తి అడుగలేదు, వయస్సు అడుగలేదు. త్రాగుటకు కొంచెము నీళ్ళు అడిగినాడు. ఎదుటివారి చేతిలో ఉన్నది, సులువుగా ఇవ్వగలిగినది. ఆమె ఇచ్చి, అడుగకుండనే పది ఒంటెలకు కూడ తోడి పోసింది. మన రాయలసీమలో నీళ్ళు తోడినవారికి తెలుసు, పది ఒంటెలంటే ఎన్ని కడవలో! మొదటి సందేశము కూడ అట్లే ఉండవలెనని మాకు తోచినది. వాళ్ళు వ్రాసుకొన్న దానిలోనుండి ఒక చిన్న సంగతి తీసుకొని, అవును కాదు అని ముగిసిపోని ఒక ప్రశ్న అడగడము.

ఆ మెకానిక్ తమ్ముడు, సండేస్కూలు నేర్పే ఒక అమ్మాయికి ఈ విధముగా వ్రాసినాడు: "మీరు పిల్లలకు నేర్పుతారని చదివాను. మా ఊరిలో పిల్లలు క్రిస్మస్ నాటకమప్పుడు తప్ప గుడికి రారు. మీ దగ్గర ఎట్ల రప్పిస్తారు?" మరుసటి దినము ఆమె నుండి మూడు నిమిషముల వాయిస్ మెసేజ్ వచ్చినది. పెండ్లి కుదిరినదా అని అడుగవద్దు, కుదరలేదు. కాని మా సండేస్కూలుకు ఇప్పుడు పిల్లలు వస్తున్నారు, ఆమె చెప్పిన ఉపాయముతోనే.

బదులు ఆలస్యమైతే మన పిల్లలు కంగారు పడుతున్నారు. రెండు నీలి గీతలు పడినవి, బదులు లేదు అని నిద్ర మానుకొనే వారిని చూచినాము. పల్లెలో ఆడపిల్ల చేతిలో ఫోను ఎప్పుడూ ఉండదు. అన్న దగ్గర ఉంటుంది, లేక ఛార్జింగు లేక ఒక మూలనుంటుంది. ఒక్క బదులు కొరకు రెండు దినములు ఆగండి. ఆ రెండు దినములలో నాలుగు సార్లు "ఎందుకు మాట్లాడటం లేదు" అని పంపితే, పెండ్లయిన తరువాత ఎట్లుంటావో ఆమెకు అప్పుడే తెలిసిపోతుంది. మేము మా యువజనులకు ఇంకొక మాట చెప్పినాము: ఈ మాటలు ఇంట్లో ఒకరికి, తల్లికో అక్కకో, తెలిసి జరగవలెను. ప్రతి అక్షరము చదువనక్కరలేదు, ఎవరితో మాట్లాడుచున్నారో తెలిస్తే చాలును.

ఒక హెచ్చరిక మాత్రము గట్టిగానే చెప్పవలసియున్నది. మాకు తెలిసిన ఒక సహోదరి, భర్త చనిపోయిన ఆమె, లండనులో డాక్టరునని చెప్పిన ఒకనితో రెండు నెలలు మాట్లాడింది. ఉదయము సాయంకాలము వాక్యములు పంపేవాడట. తరువాత బంగారు నగలు పంపినానన్నాడు, అవి ఢిల్లీ విమానాశ్రయములో కస్టమ్స్ వారి దగ్గర ఆగినవని ఒక స్త్రీ ఫోను చేసింది, పన్ను కట్టమన్నది. రెండు విడతలుగా అరువది వేలు పోయినవి. సిగ్గుతో ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చూడని మనిషి డబ్బు అడిగితే, ఏ కారణము చెప్పినను, అక్కడితో ఆపివేయండి. పొరపాటున పంపితే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపగలిగే అవకాశము అంత ఎక్కువ. వివాహ వెబ్‌సైట్లు సభ్యుల గుర్తింపు పత్రములు తీసుకొనవలెనని 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము సూచనలిచ్చింది గాని, మనము విచారించుకొనవలసిన పని దానితో తీరదు. అతడు ఏ సంఘమని చెప్పుచున్నాడో ఆ సంఘకాపరికి ఒక ఫోను చేస్తే అయిదు నిమిషములలో సగము తెలుస్తుంది. కాపరులు ఒకరికొకరు ఈ సహాయము చేయడానికి విసుగుకొనకూడదు.

ఇక కలుసుకొనే సంగతి. మా పెద్దలలో ఒకాయన సంఘ కమిటీలో లేచి, "ఆడపిల్ల మొగపిల్లోడు బయట కూర్చొని మాట్లాడేది దేవుని బిడ్డలకు తగునా?" అని అడిగినాడు. ఆయనంటే మాకు గౌరవము. బావి దగ్గర యాకోబు, కోత పొలములో బోయజు మాట్లాడిన సంగతి ఆయనకే బాగా తెలుసు. అందరి యెదుట, పట్టపగలు, కోతగాండ్ర మధ్య కూర్చొని బోయజు రూతుకు భోజనము పెట్టినాడు గదా పెద్దాయనా అన్నాము. "సరే, నలుగురు కనపడే చోటయితే సరే" అన్నాడు. ఆ మాటే మాకు కట్టుబాటు అయినది. నలుగురు కనపడే చోటు, పగటి వేళ, తోడు వచ్చినవారు వినపడనంత దూరములో కూర్చొనుట, గంట లేక గంటన్నర. ఇంకొకటి మా యింటివారు చేర్చినారు: ఆ దినమే "నచ్చిందా" అని ఎవరూ అడగకూడదు. వారము గడిచిన తరువాత ఎవరి మాట వారు మాకు చెప్పవలెను, మేము అటు చేరవేస్తాము. కాదు అని ముఖము మీద చెప్పలేక ఎంతమంది అవునన్నారో మాకు తెలుసు.

నర్సు అమ్మాయికి బెంగళూరులో ఎలక్ట్రీషియన్ పని చేసే ఒక అబ్బాయితో ఆరు వారములు మాటలు సాగినవి. మొదటిసారి కలిసినది జమ్మలమడుగులో, బస్టాండు దగ్గర ఒక హోటల్‌లో. నంద్యాల నుండి ఎర్రగుంట్లకు రైలు మార్గము 2016లో పూర్తి అయినందున మా వైపు వాళ్ళకు ఆ ఊరు దగ్గరైనది. రెండు ప్లేట్ల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, రెండు సార్లు టీ. తోడుగా వెళ్ళిన తమ్ముడు ఇంకొక బల్ల దగ్గర కూర్చొని మూడు ప్లేట్లు తిన్నాడట, ఖర్చంతా వానిదే అని ఆమె నవ్వింది.

పరిచయము లేని ఇద్దరు ఎదురెదురుగా గంట కూర్చొనుట కష్టము. నడుస్తూ మాట్లాడితే మాట సులువుగా వస్తుంది. అందుకని రెండవసారి గండికోటకు వెళ్ళినారు. జమ్మలమడుగు నుండి పదిహేను కిలోమీటర్లు. పెన్నానది లోయ చూస్తూ నిలబడితే మౌనముగా ఉన్నను తప్పు తోచదు. డిసెంబరు ఉదయము గనుక సరిపోయినది. ఏప్రిల్‌లో అయితే పది గంటలకే రాయి కాలుతుంది, లోయ అంచున జాగ్రత్త కూడ అవసరము. కొందరు బెలుం గుహలు అంటారు. 2002 నుండి లోపలికి దీపములు పెట్టి చూపిస్తున్నారు, అద్భుతమైన చోటు. కాని మేము యువజనులను తీసికొని వెళ్ళినప్పుడు లోపల ఉక్కకు అందరి చొక్కాలు తడిసిపోయినవి. మొదటిసారి కలుసుకొనేవారికి అది తగదు. కర్నూలు వైపు వారికి ఓర్వకల్లు రాతివనము మంచిది. అంత దూరమెందుకంటే ఊరి నడుమ కొండారెడ్డి బురుజు ఉండనే ఉన్నది. కడపలో సి.పి. బ్రౌను గ్రంథాలయమునకు వెళ్ళిన జంట ఒకటి మాకు తెలుసు. ఆ అమ్మాయి డి.ఎస్.సి.కి చదువుచుండెను. 1820లో కడపకు వచ్చిన ఆ దొర తెలుగు నిఘంటువు కొరకు ఎంత పాటుపడినాడో ఆమె చెప్పగా, అబ్బాయి అరగంట విన్నాడట. వినే పిల్లవాడు దొరికినాడు అని ఆమె తల్లి సంతోషించింది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు గనుక, పిల్లతో తల్లియో అక్కయో తోడు పోవడానికి కూడ ఇప్పుడు ఖర్చు అడ్డము రాదు.

గండికోటలో ఆ అబ్బాయి నిజము చెప్పినాడు. తన తల్లికి ఆరోగ్యము బాగుండదు, పెండ్లయిన తరువాత భార్య పని మానుకొని పల్లెలో తల్లి దగ్గర ఉండవలెనని కోరిక. ఆమె కూడ నిజమే చెప్పింది. వారము తరువాత ఆమె మా ఇంటికి వచ్చి, "మంచోడే అమ్మగారూ. కానీ నేను మానను" అన్నది. కళ్ళు తుడుచుకొన్నది. ఆరు వారముల మాటలు గదా. ఆ కబురు మేమే చేరవేసినాము. అబ్బాయి తల్లి మా మీద కోపపడి, "పాస్టరయ్యుండి మీరే చెడగొట్టినారు" అన్నది. ఏమియు బదులు చెప్పలేదు. అదే రాత్రి అబ్బాయి నుండి సందేశము వచ్చినది: ఆమె ముందే చెప్పినందుకు వందనములు చెప్పమని.

పదకొండు చూపులలో ఎవరూ అంత మర్యాదగా కాదనలేదని తండ్రి అన్నాడు. ఈ సంబంధమునకు మొత్తము ఎంత ఖర్చయినదని అడిగి, నోటుపుస్తకములో వ్రాసికొన్నాడు. రైలు, బస్సు, ఉగ్గాని, టీ కలిపి నాలుగు వందల పైచిలుకు. ఆ పుట క్రింద గీత గీసి, ప్రక్క పుటలో శనగ విత్తనముల లెక్క మొదలుపెట్టినాడు.

ఇప్పుడు ఇంకొకరితో మాటలు జరుగుచున్నవి. కడప వైపు అబ్బాయి, ల్యాబ్ టెక్నీషియన్, అతనికి కూడ రాత్రి డ్యూటీలే. రొట్టె ఎందుకు గుండ్రంగా రాదో తన అవ్వను అడిగి, పిండి వేడినీళ్ళతో కలపమని మొదటి సందేశములో వ్రాసినాడట. వచ్చే రెండవ శనివారము ప్రొద్దుటూరులో కలుసుకొంటారు. ఈసారి తమ్మునికి బదులు మా యింటివారిని తోడు రమ్మని అడిగింది. "వేరే బల్ల దగ్గర కూర్చోవాల అమ్మగారూ, ఈ పక్కకు చూడగూడదు" అని ముందే చెప్పిపోయింది.